పరాయి చేతి అతుకు

రాధారాణి గారితో నా పరిచయం ఒక బకెట్టు మీద తగువుతో మొదలైంది. ఖరగ్‌పూర్ గోల్ బజార్‌లో మాది స్టీలు సామాన్ల కొట్టు. మా నాన్నగారు కృష్ణా జిల్లా నుంచి వచ్చి పెట్టింది. ఆరేళ్ల కిందట ఒక మధ్యాహ్నం ఆవిడ కొట్టుకొచ్చి బకెట్టు ఒకటి ఎత్తి పట్టుకుని, దాని చెవి దగ్గర వేలు పెట్టి, "సెట్టిగారూ, ఈ అతుకు మూడు నెల్లు కూడా ఆగదు. ఇంకోటి సూపించండి" అన్నారు. నాకసలే ముక్కు మీద కోపం. "నలభై ఏళ్లుగా అమ్ముతున్నామమ్మా, మా సరుకు సంగతి మాకు తెలియదా?" అన్నాను. ఆవిడ బకెట్టు దించేసి వెళ్లిపోయారు. అదే బకెట్టు ఇంకెవరో కొన్నారు. మూడో నెలలో చెవి ఊడిందని పట్టుకొచ్చి నా మొహాన పెట్టారు. సరిగ్గా ఆవిడ వేలు పెట్టిన చోటే ఊడింది.

అప్పుడు వాకబు చేస్తే తెలిసింది, ఆవిడ రైల్వే వర్క్‌షాపులో వెల్డరని. పలాస వైపు మనిషి. తాతల నాటి నుంచి వాళ్లది రైల్వే కుటుంబమే. ఇరవై ఏడేళ్ల వయసులో, చంకలో రెండేళ్ల ఆడపిల్లతో ఉండగా భర్త పోయాడు. ఉద్యోగంలో ఉండగా మనిషి పోతే రైల్వే ఆ ఇంట్లో ఒకరికి ఉద్యోగమిస్తుంది. అలా ఆవిడకు ఖలాసీగా, అంటే మేస్త్రీల చేతికింద మనిషిగా, ఉద్యోగం వచ్చింది. ఇప్పుడు యాభై మూడేళ్లు. సెక్షన్‌లో పెద్ద గ్రేడు టెక్నీషియన్. కూతురు ప్రశాంతిని నర్సు చదివించి, పెళ్లి కూడా చేశారు. మొహానికి అడ్డంగా వెల్డింగ్ అద్దం పట్టిన మొదటి తెలుగావిడ అని మా వాళ్లందరూ గొప్పగా చెప్పుకుంటారు.

మా ఊళ్లోనే ఝపటాపూర్ పేటలో మాకొక చిన్న సేవా సమితి ఉంది. ఆదివారాలు ఒక క్లబ్బు గదిలో కుర్రాళ్లకు, ఆడపిల్లలకు కుట్టు, కరెంటు పని, వెల్డింగ్ నేర్పుతాం. 'నేర్పుతాం' అన్నాను గానీ నేను నేర్పేదేమీ లేదు, కుర్చీలు వేయించి కేకలేస్తాను. వెల్డింగ్ రాధారాణి గారిది. ఎవరైనా పెద్దమనిషి చూడ్డానికొస్తే ఆవిడనే ముందు నిలబెట్టేవాళ్లం. ఆవిడేమో పొగడ్త మొదలవగానే ఏదో పని ఉన్నట్టు పక్కకు వెళ్లిపోయేవారు. అది అణకువ అనుకునేవాణ్ణి. మనుషుల్ని చదవడంలో నేనంత ఘనుణ్ణి.

పోయిన కార్తీకంలో, బిహారీల ఛఠ్ పండుగ అయిన వారానికి, మా సమితి నేపాల్ వెళ్లింది. బీర్‌గంజ్ వైపు యువజన సంఘాలు కొన్ని మాలాంటి పనే చేస్తున్నాయట. వాళ్ల కేంద్రాలు మూడు చూసి, చేతనైన సేవ చేసి రావాలని మా కార్యదర్శి వినోద్ ఏర్పాటు చేశాడు. రైల్వే ఆఫీసులో గుమాస్తా, ముప్పై ఏళ్ల కుర్రాడు, మంచివాడే గానీ బ్యానర్ల పిచ్చి. 'అంతర్జాతీయ యువజన సేవా యాత్ర' అని ఎర్రటి బ్యానర్ అచ్చు వేయించాడు. పాస్‌పోర్టు అక్కర్లేని విదేశం, ఓటరు కార్డు జేబులో ఉంటే చాలు. ఎనిమిది మందిమి బయల్దేరాం. రైల్వే వాళ్లు పాసుల మీద, నేను టికెట్టు మీద. హౌరాలో రక్సౌల్ బండి ఎక్కి, మర్నాడు రక్సౌల్‌లో దిగి టోటోలో, అంటే బ్యాటరీ రిక్షాలో, సరిహద్దు దాటాం. మా ఆవిడ కన్యకాంబ కట్టిచ్చిన పులిహోర అప్పటికి అయిపోయింది. విదేశంలో కాలు పెట్టానని ఫోన్ చేస్తే, "అక్కడా కేకలేయకండి" అంది.

మొదటి కేంద్రం ఒక గ్రంథాలయం. ఇద్దరు ఆడపిల్లలు నడుపుతున్నారు. పుస్తకాల సంచీ సైకిల్‌కి తగిలించుకుని ఊరూరా తిరుగుతారు. రెండోచోట వాలీబాల్ ఆడించి, ఆట అయ్యాక ఆడపిల్లలకు ఆరోగ్యం సంగతులు చెబుతున్నారు. రెండుచోట్లా మేం చేయడానికి పనేమీ కనిపించలేదు. వినోద్ దిగులు పడిపోతుంటే అక్కడి కుర్రాడు గోడ ఒకటి చూపించి రంగు వేయమన్నాడు. ఎనిమిది మందిమీ నడుములు విరిగేలా ఆకుపచ్చ రంగు వేశాం, బ్యానర్ పట్టుకుని ఫొటో దిగాం. ఆ గోడకు ఒకచోట పెచ్చు ఊడితే కింద నీలం, నీలం కింద పసుపు కనిపించాయి. ఇదేంటని అడిగితే ఆ కుర్రాడు తల గోక్కుంటూ, "అది అతిథుల గోడ అంకుల్. ఎవరొచ్చినా ఏదో ఒకటి చేయాలంటారు. అందుకని ఆ గోడ వదిలిపెట్టాం" అన్నాడు. తల తీసేసినట్టయింది నాకు. రాధారాణి గారు మాత్రం చాలాసేపు నవ్వారు. నవ్వి, "రేపైనా నిజం పని ఏదైనా దొరికితే బాగున్ను" అన్నారు. నేనూ అదే కోరుకున్నాను.

మూడో కేంద్రం బీర్‌గంజ్‌కి గంటన్నర దూరంలో ఒక పల్లెలో ఉంది. రేకుల షెడ్డు, అందులో వెల్డింగ్ శిక్షణ. ముందటి ఏడాది వరదకు షెడ్డు గేటు కొట్టుకుపోయిందట. శిక్షణలో ఉన్న వాళ్లే తలా ఒక వస్తువు సొంతంగా తయారుచేసి పరీక్షకు చూపించాలి. కిటికీ ఊచలు ఒకరు, బెంచీ ఒకరు. గేటు సుజీతా అనే పిల్ల పాలబడింది. పంతొమ్మిదేళ్లుంటాయి. బక్కపలుచటి మనిషి, పెద్ద మాటకారి కాదు. తల్లి ఇటుక బట్టీలో పని చేస్తుంది, మొన్నటిదాకా ఈ పిల్లా చేసింది. పరీక్ష ఎల్లుండి. పాసై సర్టిఫికెట్ వస్తే బీర్‌గంజ్‌లో బస్సులకు బాడీ కట్టే షెడ్డులో చేర్చుకుంటామన్నారట. ఆ మాట వాళ్ల మాస్టారు చెప్పారు. పరీక్ష ఆర్నెల్లకొకసారే వస్తుందని కూడా చెప్పారు. వస్తువు ఎవరిది వాళ్లే చేశారని ఆయన కాగితం మీద సంతకం పెట్టాలి.

గేటు దాదాపు అయిపోయింది. మిగిలింది నిలువు కమ్మీని చట్రానికి కలిపే అతుకు, జానెడు జానెడు చొప్పున మూడు. నిలువు అతుకు కష్టమట. కరిగిన ఇనుము కిందికి జారిపోతుంది, చెయ్యి ఆగకూడదు, తొందరపడకూడదు. ఆ పిల్ల రెండుసార్లు వేసింది, రెండుసార్లూ గ్రైండర్‌తో కోసి తీసేసింది. మేం చూస్తుండగా మూడోసారి వేసింది. అతుకు నిండా గుంటలు. అద్దం దించి, చెంగుతో కళ్లు ఒత్తుకుని, మాకు నమస్తే చెప్పి భోజనానికి వెళ్లింది. మిగతావాళ్లూ వెళ్లారు. షెడ్డులో రాధారాణి గారు, నేను మిగిలాం.

ఆవిడ గేటు చుట్టూ రెండుసార్లు తిరిగారు. "పాపం, సెయ్యి వణికిపోతంది పిల్లకి" అన్నారు. ఇక్కడ నా పాపం నేను చెప్పుకోవాలి. "అమ్మా, మీరొక చెయ్యి వేయకూడదూ? మన ఖరగ్‌పూర్ పనితనం చూపించండి" అన్నది నేనే. ఆకుపచ్చ గోడ ఇంకా గుండెలో గుచ్చుకుంటోంది మరి. ఆవిడ వేలితో ఆ గుంటలు తడిమి చూశారు. తర్వాత చీర కొంగు దోపుకుని, అద్దం అందుకున్నారు. పాత అతుకు కోసేసి, మూడు జానెళ్లూ అరగంటలో వేసేశారు. సుత్తితో పైన పెచ్చు రాల్చితే కింద అతుకు జడ అల్లినట్టు ఉంది. నేను ఫొటో తీసి, 'మన రాధారాణి గారి సేవ' అని రాసి సమితి వాట్సాప్‌లో పెట్టాను. నిమిషంలో ఇరవై దండాలు వచ్చాయి.

సుజీతా తిరిగొచ్చి గేటు చూసింది. అతుకు మీద చెయ్యి పెట్టి పైనుంచి కిందిదాకా తడిమింది. "చాలా బాగుంది దీదీ" అని హిందీలో అని, వెళ్లి మూల బల్ల మీద కూర్చుంది. సాయంత్రం వరకూ ఇంకేమీ ముట్టుకోలేదు. నాకు ఒళ్లు మండింది. ఇంత సాయం చేస్తే ఒక్క నవ్వు లేదేమిటి అనుకున్నాను. మాస్టారు వచ్చి చూసి, అంతా గ్రహించి, ఒకసారి మా వైపు, ఒకసారి ఆ పిల్ల వైపు చూశారు. అతిథులను ఏమనగలరు? "సరే, రేపు సంతకం పెట్టేస్తాను. సుజీతా పాసైనట్టే" అన్నారు. వినోద్ చప్పట్లు కొట్టాడు. మేమందరం కొట్టాం. రాధారాణి గారు కొట్టలేదు.

మాకు బస ఆ ఊరి బడిలో ఇచ్చారు. పొద్దు గుంకుతుండగా ఆవిడ బడి అరుగు మీద ఒక్కరే కూర్చుని ఉంటే, టీ గ్లాసు తీసుకెళ్లి ఇచ్చాను. తీసుకుని పక్కన పెట్టేశారు.

"సెట్టిగారూ, మీకొకటి సెప్పాల" అన్నారు. "నాను ఖలాసీ నుంచి టెక్నీషియన్ అవడానికి పరీక్ష రాసినాను కదా. ఆ పరీక్ష ముక్క నాను సెయ్యనేదు."

నాకు అర్థం కాలేదు. పరీక్షలో రెండు ఇనప పలకలు ఇచ్చి అతకమంటారట, దాన్నే పరీక్ష ముక్క అంటారట.

"మా ఆయన స్నేహితుడు నూకయ్య అని ఉండీవోడు. మా ఆయన పోయినాక అన్నలాగే సూసినాడు. వర్కుషాపులో అందరూ అంతే. వదినా నువ్వు కూర్సో, వదినా నీకెందుకు ఈ వేడి, అని ఏ పనీ ముట్టుకోనిచ్చీవోరు కాదు. టీలు పెట్టీదాన్ని, వోళ్ల బట్టలు లాకర్లో సర్దీదాన్ని. పని కాగితం మీద నా పేరుండీది, పని వోళ్లు సేసీవోరు. ఆరేళ్లు అలగే గడిసిపోనాయి. ఒక్కలు కూడా నన్ను ఒక్క మాట అన్నేదు, సెట్టిగారూ. ఎవులైనా తిట్టుంటే బాగున్ను."

టీ చల్లారిపోతోందని గ్లాసు ఆవిడ వైపు జరిపాను.

"పరీక్ష దినం నాను ఎల్లేసరికి పలకలు అతికేసి ఉన్నాయి. పైన సుద్దతో నా పేరు రాసుంది. నూకయ్య నవ్వుతా నిలబడ్డాడు. పాసైపోనాను. అందరూ మిఠాయిలు తిన్నారు. ఇంటికెల్లి పిల్లని ఒళ్లో పెట్టుకుని ఏడిసినాను. ఎందుకు ఏడుస్తన్నానో నాకే తెల్లేదు."

"తర్వాత?" అన్నాను.

"తర్వాతేటి, వెల్డరునైపోనాను కదా. వెల్డింగు రాని వెల్డరుని. మా మీద అజమాయిషీ సేసీ సార్జిమేన్ ఎప్పుడు పిలిసి ఇది అతకమంటాడో అని దినమూ భయమే. పిలిసినప్పుడల్లా కడుపునొప్పి అన్నాను. మూడేళ్లు కడుపునొప్పి సెప్పినాను. ఆడదానికి కడుపునొప్పంటే ఎవులూ మరేటీ అడగరు. ఆఖరికి ఘోష్ దా అని ఒక బెంగాలీ ముసిలాయన, మాటకి ముందు తిట్టు, ఆయన కాడికెల్లి నాకు రాదు దాదా, నేర్పు అన్నాను. లంచి గంటలో తుక్కు ముక్కల మీద నేర్పినాడు. పాడు సేస్తే సేతి మీద కొట్టీవోడు. ఆయనకే నాను జీవితమంతా దండం పెడతాను. నూకయ్యకి పెట్టలేకపోనాను. మంచోడు, పాపం. ఆయన తప్పేటి?"

కొట్టులో బేరం చేసే అలవాటు కొద్దీ వాదించాను. "అయితే ఏమైందమ్మా? ఆ ముక్క వల్లే కదా మీ ఇల్లు నిలబడింది, పిల్ల చదువుకుంది. ఈ పిల్లకూ అంతే. పాసైపోనివ్వండి, పని తర్వాత నేర్చుకుంటుంది. ఇప్పుడు నిజం చెబితే ఆర్నెల్లు పోతాయి."

"అదీ నిజమే" అన్నారావిడ. నేను ఆ జవాబు ఊహించలేదు. "ఆ ముక్క నేకపోతే ప్రశాంతి ఏటయ్యేదో. నాను కాదన్ను. కానీ దానికి ఏది కావాలో నానెలగ సెప్తాను? నూకయ్య నన్నడగనేదు. నాను దీన్ని అడగనేదు. అన్నం తినడానికెల్లిన పిల్ల తిరిగొచ్చేసరికి దాని సేతిలోది లాగీసుకున్నాను. అంత పడినదాన్ని, నాకైనా తెలవద్దా సెట్టిగారూ?" ఆవిడ చల్లారిన టీ అరుగు కింద పారబోశారు. "సిగ్గుగా ఉంది నాకు."

నాకూ సిగ్గేసింది. చెయ్యి వేయమన్నది నేను కదా. ఫోన్ తీసి ఫొటో చెరిపేశాను. చెరిపినంత మాత్రాన అతుకు పోదు కదా.

మర్నాడు పొద్దున్నే ఆవిడ షెడ్డుకు వెళ్లారు. నన్నూ రమ్మన్నారు. సుజీతా నేల తుడుస్తోంది. రాధారాణి గారు ఆ పిల్లను పిలిచి బల్ల మీద కూర్చోబెట్టి, తాను కింద కూర్చున్నారు. హిందీలో, మధ్యలో బెంగాలీ దొర్లుతుండగా, నిన్న నాకు చెప్పిందంతా చెప్పారు. కడుపునొప్పి సంగతి కూడా దాచలేదు. ఆ ముక్క వల్ల తన ఇల్లు గడిచిందన్న మాట కూడా దాచలేదు. చివర్లో, "గేటు నీది. ఇలాగే ఉంచితే రేపు పాసవుతావు, నేనెవరికీ చెప్పను. కోసేస్తే నువ్వే మళ్లీ వేయాలి, నేను వేయను. ఏది కావాలో నువ్వే చెప్పు" అన్నారు.

ఆ పిల్ల బల్ల మీద నుంచే గేటు వైపు చూసింది. నేను లోలోపల 'ఉంచేయమ్మా' అనుకుంటున్నాను. ఎందుకు దాచాలి? నా ఖరగ్‌పూర్ పనితనం అలా నిలబడి ఉండాలనే నాకుంది.

"నిన్న అడగాల్సింది కదా దీదీ" అంది సుజీతా. కోపంగానే అంది. "నేను తిని రావడానికేగా వెళ్లాను. పారిపోలేదుగా."

"తప్పయింది" అన్నారు రాధారాణి గారు.

"రాత్రి అమ్మతో చెప్పలేకపోయాను. గేటు అయిపోయిందా అని అడిగింది. అయిపోయింది అన్నాను. నేను చేశాను అని మాత్రం నోట్లోంచి రాలేదు." అని లేచి గ్రైండర్ అందుకుంది.

మాస్టారు వచ్చి వద్దన్నారు. రేపు పొద్దున పదకొండుకి పరీక్ష, ఇవాళ సగం రోజు కోయడానికే పోతుందన్నారు. వినోద్ వచ్చి తల పట్టుకున్నాడు. "అమ్మా, మనం సేవకి వచ్చి ఉన్నది కూలగొట్టి పోతున్నామేటి?" అన్నాడు. నేను వాడి భుజం పట్టుకుని బయటికి తీసుకెళ్లాను. అది నేను ఆ యాత్రలో చేసిన ఒకే ఒక్క సేవ.

కోయడం అంత సులువుగా కాలేదు. రాధారాణి గారి అతుకు మరి, పట్టు వదలదు. మధ్యాహ్నం దాటింది. ఆ పిల్ల చేతులు ఎర్రబడ్డాయి. తర్వాత కరిగి అతుకుగా మారే పుల్లని, అదే రాడ్‌ని, హోల్డర్‌కి బిగించి మొదలుపెట్టింది. గేటు కదలకుండా పట్టుకోవడానికి ఒక మనిషి కావాలి. పెద్ద గ్రేడు టెక్నీషియన్ గారు నేల మీద చతికిలబడి, రెండు చేతులతో గేటు పట్టుకుని, మొహం పక్కకు తిప్పుకుని కూర్చున్నారు. ఖలాసీ చేసే పని అది. సాయంత్రం దాకా అలాగే కూర్చున్నారు.

ఒకసారి సుజీతా ఆగి, "కరెంట్ ఎక్కువైందా దీదీ?" అని అడిగింది. ఆవిడ పెదవి కదిలింది. నాకు తెలుసు, జవాబు నాలుక చివర ఉంది. మింగేసి, "నీకెలా వినబడుతోంది?" అని అడిగారు.

ఆ పిల్ల కళ్లు మూసుకుని, రాడ్ అంటించి, విన్నది. "చిటపటలాడుతోంది."

"గారెలు వేగినట్టుండాలి" అన్నారంతే. గారెలంటే ఏమిటో ఆ పిల్లకు తెలియదు. నేను పక్క నుంచి, పకోడీలు అని చెప్పాను. ఆ పిల్ల మొదటిసారి నవ్వింది, మిషను పిడి కొంచెం తిప్పుకుంది.

చీకటి పడేవేళకు మూడు జానెళ్లూ అయ్యాయి. పై రెండూ ఫరవాలేదు. కింది జానెడు వచ్చేసరికి పిల్ల అలిసిపోయింది, ఇనుము జారింది. మళ్లీ కోసే సమయం లేదు. రాధారాణి గారు వేలితో ఆ అతుకు వెంట తడుముతుంటే నాకు బకెట్టు చెవి గుర్తొచ్చి భయమేసింది. ఆవిడ మాత్రం ఏమీ అనలేదు. మేం మర్నాడు తెల్లవారకుండానే బయల్దేరాలి, రక్సౌల్‌లో బండి ఉంది. పరీక్ష చూడకుండానే వచ్చేశాం. బ్యానర్ సంచీలోంచి ఎవరూ తీయలేదు.

ఖరగ్‌పూర్ వచ్చాక ఆదివారం క్లాసులో ఆవిడలో ఒక మార్పు చూశాను. ఇదివరకు ఎవరికైనా రాకపోతే చేతిలోంచి హోల్డర్ తీసుకుని వేసి చూపించేవారు. ఇప్పుడు రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడుతున్నారు. పిల్లలు విసుక్కుంటున్నారు కూడా. "దీదీకి కోపమొచ్చిందా అంకుల్?" అని ఒకడు నన్నడిగాడు. లేదని చెప్పాను.

మేం తిరిగొచ్చిన పన్నెండో రోజున మిట్టమధ్యాహ్నం ఆవిడ నా కొట్టుకొచ్చారు. వర్క్‌షాపు నీలం కోటు ఒంటి మీదే ఉంది. కొట్లో ఎవరూ లేరు.

"సుజీతా ఫోన్ సేసింది. ఫెయిలైపోనాది" అన్నారు.

కింది జానెడు మీద పరీక్షకుడు సుత్తి వేస్తే పగిలిందట. బస్సుల షెడ్డులో ఆ ఖాళీ ఇంకెవరికో ఇచ్చేశారట. మళ్లీ పరీక్ష ఆర్నెల్ల తర్వాత. అందాకా పొద్దున బట్టీ, సాయంత్రం శిక్షణ. నాకు కోపం ఆగలేదు. ఎవరి మీద కోపమో తెలియక మా మీదే తీర్చుకున్నాను. మేం వెళ్లకపోయుంటే ఆ పిల్లకు రెండు రోజులు చేతిలో ఉండేవి, పాసయ్యేదేమో అన్నాను. సేవ పేరుతో పోయి ఒక పిల్ల నోటి దగ్గర కూడు లాగేసి వచ్చామన్నాను. గోడకు రంగు వేసుకుని ఊరుకున్నా బాగుండేదన్నాను. చెయ్యి వేయమన్న నా నోరు పడిపోవాలన్నాను.

ఆవిడ నన్ను పూర్తిగా మాట్లాడనిచ్చారు.

"నానూ అదే అన్నాను దాంతో" అన్నారు. "నా మూలాన్నే పోనాదమ్మా, నన్ను తిట్టు అన్నాను. అదేటన్నాదో తెల్సా? సగం రోజు పోనాది నీ మూలాన్నే దీదీ, అది నానూ మర్సిపోను అన్నాది. కానీ కింద పగిలింది మాత్రం నీది కాదు, నాదే అన్నాది. మొదట మూడంగుళాలు బాగానే ఎల్లిందట. ఆ తరవాత రాడ్డు అయిపోతంది కదా అని తొందరపడిందట. ఎక్కడ పాడైందో నాకు తెల్సు దీదీ, ఈసారి అక్కడ ఆగి కొత్త రాడ్డు పెడతాను అన్నాది."

ఆవిడ కళ్లనిండా నీళ్లు. కోటు చేతితో తుడుచుకున్నారు. కుర్చీ వేశాను. కూర్చోలేదు.

"నాను పాసైన దినం, సెట్టిగారూ, ఎక్కడ పాడైందో సెప్పుకోడానికి నా సేత్తో ఏసింది ఒక్క అంగుళం కూడా నేదు."